వదిన శుక్రవారపు ద్రాక్షారసం

వదినా,

ఎలా ఉన్నావు? అక్కడ ఎలా ఉంటారో నాకేం తెలుసని అడుగుతున్నాను... అయినా నీతో మాట మొదలుపెడితే ముందు ఇదే వస్తుంది. నువ్వు వెళ్ళి ఏడాది కావస్తోంది. వచ్చే నెలలో చర్చిలో నీ జ్ఞాపకార్థ కూడిక. మా పెరట్లో నారింజ చెట్టు మళ్ళీ పూసింది. సాయంత్రమైతే ఈ అమెరికా ఊరు చాండ్లర్‌లో మా వీధంతా ఆ వాసనే. నిరుడు ఇది పూసే వేళకి నువ్వు ఆసుపత్రి మంచం మీద ఉన్నావు. కిటికీ తెరవమని ఒకటే గొడవ చేశావు. ఆ కిటికీలు తెరుచుకోవని, అదే ఆసుపత్రిలో అన్నేళ్ళు నర్సుగా చేసిన నీకు తెలియదా?

సరే, అసలు సంగతికి వస్తాను. నీకు చెప్పాల్సింది మా అన్నయ్య గురించి. నువ్వెళ్ళాక ఆయన అందరికీ బాగానే కనిపిస్తున్నాడు. చొక్కా ఇస్త్రీ చేసుకుంటాడు. చెట్లకి నీళ్ళు పెడతాడు. పిల్లలు ఫోన్ చేస్తే ‘ఐ యామ్ ఫైన్’ అంటాడు. కానీ మాట తగ్గిపోయింది వదినా. ముందే అంతంత మాత్రం కదా! నువ్వున్నప్పుడు నీ మాటల మధ్య ఆయన మౌనం మాకు తెలిసేది కాదు. ఇప్పుడు మా ఇంటికొచ్చి కూర్చుంటే గోడ గడియారం వినబడుతోంది.

అలాంటి మనిషి, క్రిస్మస్ అయిపోయిన తర్వాత ఒకరోజు, మా వంటింట్లో నిలబడి నన్నొక మాట అడిగాడు. చేతులు కట్టుకుని, ఏదో అప్పు అడగడానికి వచ్చినవాడిలా...

“లిల్లీ, మీ వదిన ఇక్కడ తాగేది... అది నాకొక గుక్క పోస్తావా? ఒక్కసారే.”

నా చేతిలో గరిటె అలాగే ఆగిపోయింది.

మనం ఎంత దాచామనుకున్నాం వదినా! గోధుమపిండి డబ్బా వెనకాల సీసా. శుక్రవారం సాయంత్రం పెరట్లో మనిద్దరం, నీకొక టీ గ్లాసుడు, నాకు అందులో సగం. పొడుగుకాళ్ళ గ్లాసులు కొందామంటే ‘వద్దే, వాటితో తాగితే తాగినట్టుంటుంది’ అనేదానివి. చర్చి ఆంటీలెవరైనా ఫోన్ చేసి ఏం చేస్తున్నావని అడిగితే, ఏమాత్రం తడుముకోకుండా, ‘లిల్లీ వాళ్ళింట్లో ద్రాక్షారసం తాగుతున్నానండీ’ అనేదానివి. వాళ్ళు పిల్లలు తాగే గ్రేప్ జ్యూస్ అనుకునేవాళ్ళు. ఫోన్ పెట్టేశాక, ‘అబద్ధం ఆడానా? బైబిల్లో రెంటికీ ఒకటే మాట’ అని కిసుక్కున నవ్వేదానివి.

నెలనెలా మొదటి ఆదివారం ప్రభువు బల్ల దగ్గర చిన్న చిన్న కప్పుల్లో ఆ ఇంకో ద్రాక్షారసం పోసేది అన్నయ్యేనాయె. సంఘ పెద్ద. పుట్టి బుద్ధెరిగాక చుక్క ముట్టని మనిషి. ‘బల్ల మీద రసం మీ అన్నయ్యది, బల్ల కింద రసం నాది’ అనేదానివి చూడు, అది ఇప్పుడు తలుచుకున్నా నాకు నవ్వాగదు. నిన్ను ఆయన ఏనాడూ తాగొద్దనలేదు. తాగమనీ అనలేదు. అసలు ఆ విషయమే తెలియనట్టు ఉండేవాడు. అందుకే ఆ రోజు వంటింట్లో ఆయన అలా అడిగేసరికి పొయ్యి కట్టేసి ఆయన వైపు తిరిగాను.

ఎందుకు అన్నయ్యా, అని అడిగాను. నీకు ఇష్టమైనవన్నీ నీతో పాటు తిన్నాననీ, ఆ ఒక్కటే ఎలా ఉంటుందో తెలియదనీ చెప్పాడు. నేలకేసి చూస్తూ చెప్పాడు. నేను సరేనన్నాను. ఒక్కసారే అన్నాడు కాబట్టి అది సరిగ్గా నువ్వు తాగినదే అయ్యుండాలి కదా?

అక్కడొచ్చింది తంటా. ఆ వైన్ పేరేమిటి వదినా?

ఇన్నేళ్ళు తాగాం. ఒక్కనాడైనా పేరు చదివామా? కొనుక్కొచ్చేది నువ్వు. ఖాళీ సీసా వెళ్ళేది రీసైక్లింగ్ డబ్బాలోకి. నేను ఒకసారి చదవబోతే ‘ఫ్రెంచోళ్ళ పేర్లు రాసేదొకటి పలికేదొకటి, మనకెందుకే, పిట్ట బొమ్మ చాలదా’ అన్నావు. మనకది పిట్ట సీసా. అంతే. ఇంకొక్క మాట మాత్రం నాకు బాగా గుర్తుంది. ఒకసారి నువ్వు సీసా వెనక వైపు తిప్పి చదివి, ‘ఇందులో సిరా అని ఒక ద్రాక్ష ఉందటే! సిరా! అందుకే తాగితే పళ్ళు నల్లబడుతున్నాయి’ అని పడీపడీ నవ్వావు. ఆ తర్వాత గ్లాసు అందుకునేటప్పుడల్లా ‘పెన్నులో సిరా పొయ్యి’ అనడమే.

ఆ సిరాని పట్టుకుని నేను వైన్ షాపుకి వెళ్ళాను.

నవ్వకు. నీకు అలవాటు, నాకు కొత్త. మన ఊళ్ళో వైన్ షాపంటే ఇనుప చువ్వల వెనక మనిషి, ముందు మగవాళ్ళ తోపులాట. ఇక్కడిది సూపర్ మార్కెట్ అంత ఉంది, పాటలు కూడా పెట్టారు. అయినా తలుపు తోసేటప్పుడు వెనక్కి చూశాను. లోపల పక్క వరసలో మన చర్చి అంకుల్ ఒకాయన బండి తోసుకుంటూ వచ్చాడు. ఎవరో చెప్పను. ఆయన చీజ్ వైపు చూశాడు, నేను సీలింగ్ వైపు చూశాను. ఆదివారం కలిసినప్పుడు ఇద్దరం ఎండల గురించి మాట్లాడుకున్నాం.

పిట్ట బొమ్మ కోసం చూశాను. గుర్రాలున్నాయి, కోడిపుంజులున్నాయి, కోటలున్నాయి. మన పిట్ట లేదు. అక్కడ పనిచేసే ఆవిడని అడిగితే ఏ పిట్ట అంది. ఏ పిట్టో నాకేం తెలుసు? చివరికి సిరా కావాలన్నాను. ఆ మాట చెప్పగానే ఆవిడ మొహం విప్పారింది. నన్నొక అర దగ్గరికి తీసుకెళ్ళి, బరువైన సీసా ఒకటి చేతిలో పెట్టింది. అచ్చంగా సిరాయే అంది. ఇంకేం, దొరికిందనుకున్నాను.

శుక్రవారం అన్నయ్య వచ్చాడు. నీలం చొక్కా వేసుకున్నాడు, ఆదివారాల చొక్కా. పెరట్లో నీ కుర్చీలో కాకుండా పక్క కుర్చీలో కూర్చున్నాడు. నేను టీ గ్లాసులో రెండు వేళ్ళంత పోశాను. ఆయన కళ్ళు మూసుకున్నాడు. ప్రార్థన చేసుకున్నాడో, ధైర్యం చేసుకున్నాడో... మందు తాగినట్టు ఒక్క గుక్కలో తాగేశాడు.

మొహమంతా ముడుచుకుపోయింది వదినా. దగ్గాడు. నీళ్ళిచ్చాను. నీళ్ళు తాగి చాలాసేపు గ్లాసు వైపు చూస్తూ కూర్చున్నాడు. మా ఆయన లోపల్నుంచి వేయించిన పల్లీలు తెచ్చి పెట్టి, సంగతి బాగాలేదని గ్రహించి మళ్ళీ లోపలికి వెళ్ళిపోయాడు.

అప్పుడన్నాడు అన్నయ్య.

“ఇంత చేదు తాగిందా వారం వారం? ఇది తాగాల్సినంత కష్టం ఏమొచ్చింది లిల్లీ తనకి? నా దగ్గర సుఖపడలేదా?”

నేను ఏదో అనేలోపే లేచాడు, మెల్లగా కుర్చీ సర్ది పెట్టాడు, వెళ్ళిపోయాడు. ఎప్పుడూ గట్టిగా మాట్లాడని మనిషి. ఆ మాట కూడా మెల్లగానే అన్నాడు. నాకు మాత్రం ఆ రాత్రంతా చెవుల్లో అదే...

ఆయన వెళ్ళాక మిగిలింది నేను తాగి చూశాను. వదినా, అది కాదు! రంగు నల్లగా సిరాలాగే ఉంది. కానీ నాలుకంతా మందంగా, మిరియాలు నమిలినట్టు, ఒకటే చేదు. మనం తాగింది ఇలా ఉండేదా? నువ్వు మొదటిసారి తాగిన రోజు, నీ తోటి నర్సు ఇంట్లో పార్టీ నుంచి రాగానే నాకు ఫోన్ చేసి ఏమన్నావు? ‘లిల్లీ, ఇది మనకి తెలిసిన రుచేనే! నేరేడు పండు తిన్నాక నాలుక మీద వగరు ఉంటుంది చూడు, అదీ. ఇక్కడోళ్ళకి వగరు అంటే ఏంటో చెప్పలేక చచ్చాను, పాపం వీళ్ళకి మాటే లేదు’ అన్నావు. పచ్చి జామకాయ, వక్కపొడి, నేరేడు... నీకు వగరంటే ప్రాణం కదా. నువ్వు తాగింది వగరు. నేను అన్నయ్యకి పోసింది చేదు.

వెంటనే ఫోన్ చేసి చెప్పాను, అన్నయ్యా అది వేరే సీసా అని. పర్లేదులే అమ్మా అన్నాడు. నమ్మలేదు. నేను ఓదార్చడానికి చెబుతున్నాననుకున్నాడు. నువ్వైనా అలాగే అనుకునేదానివి.

తర్వాతి శుక్రవారం రాలేదు. ఆ పైదీ రాలేదు. పిలిస్తే కాళ్ళు నొప్పులన్నాడు. ఇంకోటి కూడా చెప్పాలి, నువ్వు బాధపడకు... ఫిబ్రవరిలో బల్ల ఆదివారం రసం పోసే పని ఇంకొకరికి అప్పగించేశాడు. చెయ్యి వణుకుతోందట. నేను వెనక వరసలోంచి చూస్తున్నాను. పాటల పుస్తకం పట్టుకున్న ఆ చెయ్యి ఏమీ వణకడం లేదు. ఏమనుకుంటున్నాడు వదినా ఆయన? నలభై ఏళ్ళ కాపురంలో నువ్వు ఏదో మింగుకుంటూ బతికావనా? ఆ చేదంతా తనదేననా? ఒక తప్పు సీసా వల్ల ఇంత జరిగింది. నాకు నా మీదే కోపం వచ్చింది, నీ పిట్ట మీద ఇంకా ఎక్కువ వచ్చింది.

ఇక పట్టు పట్టాను. శనివారాలు ఆ షాపులో రుచి చూపిస్తారు, తెలుసా? నీకు తెలిసే ఉంటుంది, దొంగా! చిన్న ప్లాస్టిక్ కప్పులో కొంచెం పోసి ఇస్తారు. నచ్చితే కొనుక్కో, లేకపోతే లేదు. నేను వరసగా వెళ్ళాను. మా ఆయన కార్లో కూర్చుని న్యూస్ వినేవాడు. పార్కింగ్‌లో ఎవరైనా పలకరిస్తే, మా ఆవిడ లోపల రీసెర్చ్ చేస్తోందని చెప్పేవాడట. మీ ఇంటి మనుషులతో వేగడం కష్టమని ఆయన మునుపటిలాగే అంటే, నువ్వు ఇంకా ఇక్కడే ఉన్నట్టుందని సంతోషించాను.

ఆ కౌంటర్ దగ్గర నిలబడే ఆవిడకి నేను ఉన్నదున్నట్టు చెప్పాను. మా వదిన పోయింది, ఆమె తాగే వైన్ కావాలి, ఫ్రెంచిది, ఖరీదైనది కాదు, సిరా ఉంటుంది. ఆవిడ నా చెయ్యి నొక్కి, ఫ్రాన్స్ దక్షిణాన రెండు మూడు ద్రాక్షలు కలిపి చేస్తారనీ, వాటిలో ఎక్కువ భాగం గ్రెనాష్ అనే ఇంకో ద్రాక్ష ఉంటుందనీ, రంగుకీ కాస్త ఘాటుకీ మాత్రమే సిరా వేస్తారనీ చెప్పింది. మెత్తదనం, పండు రుచి అన్నీ ఆ మొదటిదానివేనట. చూశావా? కూరలో ఇంగువ పేరు గుర్తుపెట్టుకుని, కూరేమిటో మర్చిపోయాం మనం. నువ్వు ఆ రోజు సీసా మీద సిరాకి ముందున్న మాట కూడా చదివి ఉంటే ఎంత బాగుండేది! కానీ దానికి తెలుగులో అర్థం లేదు, నీకు నవ్వు రాలేదు.

ఆ తర్వాత చాలా రుచి చూశాను. ఒకటి జామ్ లాగ ఉంది. ఒకటి కట్టెపుల్ల వాసన. ఇంకొకటి బాగానే ఉంది కానీ మింగాక ఏమీ మిగల్లేదు. కప్పుల మీద కాగితాల్లో ఏవేవో పళ్ళ పేర్లు రాసేవాళ్ళు, వాటిలో సగం నేను పుట్టాక చూడనివి. నేను నేరేడు పండు కోసం చూస్తున్నానని ఎవరికి చెప్పను?

రెండు వారాల కిందట శనివారం దొరికింది.

వాసన చూస్తేనే ఏదో అనిపించింది. నోట్లో పోసుకున్నాను. ముందు నేరేడు... తర్వాత ఎక్కడో లవంగం... తర్వాత మెల్లగా నాలుక రెండు వైపులా పట్టుకుంది, మన వగరు. వదినా, నేను ఆ కౌంటర్ పట్టుకుని ఏడ్చేశాను. నీ అంత్యక్రియలప్పుడు వచ్చినవాళ్ళకి భోజనాలు చూసుకుంటూ ఏడవలేదు, పాతిక మంది అపరిచితుల మధ్య ప్లాస్టిక్ కప్పు పట్టుకుని ఏడ్చాను. ఆవిడ కాగితం రుమాలు ఇచ్చింది. సీసా చూపించమన్నాను. తెల్ల కాగితం, బంగారు అక్షరాలు, అంతే. పిట్ట ఏదీ? నిరుటి నుంచి లేబుల్ మార్చేశారట. అంతకుముందు దీని మీద చిన్న పిట్ట ఉండేదట. పన్నెండు డాలర్ల లోపే. రెండు కొన్నాను. ఈసారి పేరు రాసుకున్నాను, పలకడం మాత్రం ఇప్పటికీ రాదు.

సీసా దొరికింది. మనిషిని రప్పించడమెలా? వైన్ అంటే రాడు. ఒక్కసారే అన్నాడు, ఆ ఒక్కసారి అయిపోయింది. అందుకని మొన్న శుక్రవారం పొద్దున్నే ఫోన్ చేసి, నారింజ చెట్టుకి డ్రిప్ పైపులో నీళ్ళు రావడం లేదు, చెట్టు ఎండిపోతోందని చెప్పాను. ఇంజనీరు కదా, పైపు పాడైందంటే ఆగలేడు. సాయంత్రానికల్లా పనిముట్ల పెట్టెతో దిగాడు. డ్రిప్ నిజంగానే పాడైంది. ఎలా పాడైందని అడగకు.

మోకాళ్ళ మీద కూర్చుని, పైపు కోసి, కొత్త ముక్క అతికించాడు. చేతులు కడుక్కుని వచ్చేసరికి నేను బల్ల మీద కోడి వేపుడు పెట్టి, సీసా తీశాను. చూడగానే ఆగిపోయాడు. వద్దమ్మా అన్నాడు. నీకు కాదులే, నాకు అన్నాను. ఒక్క టీ గ్లాసులో పోసుకుని బల్ల మీద పెట్టాను. తాగలేదు. ఊరికే కూర్చున్నాను. ఆయన తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ నా ఎదురుగా కూర్చున్నాడు.

తుడుచుకుంటున్న చేతులు ఆగాయి.

గ్లాసు వైపు వంగాడు. తర్వాత దాన్ని రెండు చేతుల్తో పట్టుకుని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ఎంతసేపు పెట్టుకున్నాడో... ఆయన తలెత్తితే ఆ కళ్ళ నిండా నీళ్ళు.

“ఇది శుక్రవారం వాసన లిల్లీ. మా కారులో ఉండేది.”

వదినా, ఇది నువ్వు నాకెప్పుడూ చెప్పలేదు. ఆయన చెప్పాడు. శుక్రవారం రాత్రి నిన్ను తీసుకెళ్ళడానికి మా ఇంటి ముందు కారాపేవాడు కదా, నువ్వెక్కగానే కారంతా ఈ వాసన నిండేదట. ఇక నువ్వు ఆపకుండా మాట్లాడేదానివట. ఆసుపత్రి సంగతులు, చిన్నప్పుడు మీ నాన్నగారు కొట్టిన సంగతులు, చర్చిలో ఎవరి చీర ఎలా ఉందో... పాటలు కూడా పాడేదానివట. మిగతా రోజుల్లో పనికీ పిల్లలకీ సరిపోయేది, శుక్రవారం మాత్రం నువ్వు మొత్తంగా ఆయనదానివట. మన రెండిళ్ళకీ మధ్య నిండా ఐదు నిమిషాల దారి లేదు. అందుకని ఫ్రీవే ఎక్కేవాడట అన్నయ్య. ఇంటికి దిగాల్సిన ఎగ్జిట్ దాటేసి, ఊరి చుట్టూ తిప్పి తీసుకెళ్ళేవాడట. ఒక్కసారీ ఎందుకని నువ్వు అడగలేదట. తెలిసే అడగలేదా? లేక మాటల్లో పడి నిజంగానే చూసుకోలేదా? ఆయనకీ తెలియదు. అడగలేకపోయానన్నాడు.

ఆ తర్వాత తాగాడు. మందులా కాదు. కొంచెం కొంచెంగా, చప్పరిస్తూ, నాకోసం పోసుకున్నదంతా తాగాడు. గ్లాసు కింద పెట్టి, ఇది చేదు కాదే అన్నాడు. నాతో కాదు అన్నది, తనలో తనే అనుకున్నాడు. కోడి వేపుడు రెండోసారి వడ్డించుకున్నాడు. నువ్వెళ్ళాక మా ఇంట్లో ఆయన రెండోసారి వడ్డించుకోవడం ఇదే మొదలు.

వెళ్ళడానికి లేచి, కారు తాళాలు నాకిచ్చేశాడు. తాగినవాడు బండి నడపకూడదట. చూశావా సంఘ పెద్దని! ఒక టీ గ్లాసుడు తాగి ఎంత గంభీరంగా చెప్పాడో. నేను చుక్క ముట్టలేదు కాబట్టి నేనే డ్రైవ్ చేశాను. ఎక్కి కూర్చుని, సీటు బెల్టు పెట్టుకుని, అన్నయ్య మాట్లాడటం మొదలుపెట్టాడు.

పెళ్ళిచూపుల్లో నువ్వు పకోడీలు నీ పళ్ళెంలోకే ఎక్కువ వేసుకున్నావట కదా? మొదటి అమెరికా చలికాలంలో ఆయన స్వెట్టర్ నువ్వు తొడుక్కుని డ్యూటీకి వెళ్ళావట? ఇవన్నీ ఆయన నోటినుంచి నేనెప్పుడైనా విన్నానా? చెబుతున్నాడు, నవ్వుతున్నాడు, మళ్ళీ చెబుతున్నాడు. నేను మీ వీధి వైపు తిరగకుండా నేరుగా ఫ్రీవే ఎక్కేశాను.

మీ ఎగ్జిట్ వచ్చింది. దాటేశాను. అన్నయ్య ఆ బోర్డు వైపు చూశాడు, నా వైపు చూశాడు. ఎందుకని అడగలేదు. మాట్లాడుతూనే ఉన్నాడు.

వచ్చే శుక్రవారం కూడా దాటేస్తాను వదినా.

నీ ఆడపడుచు,
లిల్లీ